వాన గీసిన ఎల్ల

నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలోని ఇస్లాపూర్ సమీపాన పెన్‌గంగ నది నల్లని రాతి అంచు మీది నుండి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఆ చోటి పేరు సహస్రకుండ్. అంటే వేయి గుండాలు. శ్రావణ మాసంలో ఆ జలపాతం దగ్గర నిలబడితే పక్కనున్న వారి మాట కూడా వినబడదు. ఎటు చూసినా నురగలు, తుంపరలే. అదే చోటికి వైశాఖ మాసంలో వెళ్లిన వారికి సన్నని ధారలు, ఎండకు కాలిన బండలు, వాటి నడుమ అక్కడక్కడ మడుగులు కనిపిస్తాయి.

కిన్వట్ ప్రాంతంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మరాఠ్వాడాలోని చాలా తాలూకాల కంటే ఇది ఎక్కువ. అదే మహారాష్ట్రలో, అహిల్యానగర్ జిల్లాలోని హివరే బజార్ గ్రామంలో కురిసేది సుమారు నాలుగు వందల మిల్లీమీటర్లే. అయినా నీటిని పొదుపుగా వాడుకోవడంలో ఆ ఊరు దేశమంతటికీ పేరు తెలిసిన ఊరయింది. వాన ఎక్కువగా పడే చోట వేసవిలో బిందెడు నీళ్లకు వెదుకులాట, తక్కువగా పడే చోట నిబ్బరం ఎందుకు కలుగుతాయి? ఈ ప్రశ్నకు జవాబు ఆకాశంలో లేదు. నేల మీద ఉన్నది. పడిన వాన ఎటు పోతున్నది, ఎంత పోతున్నది, ఎంత నిలుస్తున్నది అని తెలుసుకున్న ఊరే దానిని నిలుపుకోగలుగుతుంది.

వాన నీటి లెక్క తెలుసుకోవాలంటే ముందుగా నీటి ఎల్లలు తెలియాలి. మనుషులు గీసుకున్న ఎల్లలు వేరు, నీటి ఎల్లలు వేరు. ఇందుకు ఇస్లాపూర్ చరిత్రే మంచి ఉదాహరణ. 1956కు ముందు ఇస్లాపూర్ సర్కిల్ హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలో ఉండేది. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ సర్కిల్, కిన్వట్ తాలూకాతో పాటు బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960లో మహారాష్ట్ర ఏర్పడగా దానిలో భాగమయింది. బోథ్ మాత్రం అటువైపే ఉండిపోయి నేడు తెలంగాణలో ఉన్నది. కాగితం మీది గీత ఇలా మారింది గాని, ఒక్క వాగు కూడా తన దారి మార్చుకోలేదు. నాడు పెన్‌గంగకు పారిన ఒర్రెలు నేడూ పెన్‌గంగకే పారుతున్నాయి.

నీటి ఎల్లను గీసేది ఎత్తుపల్లాలు. ఇంటి కప్పుకు నడుమ వెన్నుగాడి ఉంటుంది. దానికి ఇటు పడిన చినుకు ముంగిట్లోకి, అటు పడిన చినుకు పెరట్లోకి జారుతుంది. కొండల వరుస కూడా నేలకు వెన్నుగాడి వంటిదే. ఆదిలాబాద్ సీమలోని సత్మల కొండలకు ఉత్తరాన పడిన వాన పెన్‌గంగకు చేరుతుంది. దక్షిణాన పడిన వాన గోదావరి వైపు పోతుంది. శిఖరం మీద జానెడు దూరంలో పడిన రెండు చినుకులు ఇలా విడిపోతాయి. ఉత్తరపు చినుకు పెన్‌గంగ నుండి వార్ధాకు, వార్ధా నుండి ప్రాణహితకు పోయి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడ రెండు చినుకులూ మళ్లీ ఒకటవుతాయి. భద్రాచలం, రాజమహేంద్రవరం మీదుగా సముద్రానికి పోయే నీటిలో ఇస్లాపూర్ చేలపై కురిసిన వాన కూడా ఉన్నది.

ఒక చోటికి ఎంత నేల మీది వాన నీరు పారి వస్తుందో ఆ నేలనంతా ఆ చోటికి పరీవాహక ప్రాంతం అంటారు. మరాఠీలో దీనిని పాణలోట్ క్షేత్రం అంటారు. తెలుగు పల్లెల్లో వాటర్‌షెడ్ అనే మాట కూడా వాడుకలో ఉన్నది. గోదావరి పరీవాహక ప్రాంతం అనేక రాష్ట్రాలలో వ్యాపించి ఉన్నది. అందులో పెన్‌గంగది ఒక భాగం. పెన్‌గంగలో కలిసే ఒక్కొక్క వాగుకు, ఆ వాగులో కలిసే ఒక్కొక్క ఒర్రెకు మళ్లీ సొంత పరీవాహక ప్రాంతాలుంటాయి. చెట్టుకు కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు ఉన్నట్లే ఇవీ ఉంటాయి.

ఊరివారు చేయి వేయగలిగేది ఈ రెమ్మల దగ్గరనే. తెలుగువాడైన ఆర్థిక శాస్త్రవేత్త సి. హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో ఇచ్చిన నివేదికను అనుసరించి, 1995 ఏప్రిల్ 1 నుండి దేశంలో వాటర్‌షెడ్ పనులకు కొత్త మార్గదర్శక సూత్రాలు అమలయ్యాయి. వాటి ప్రకారం సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని ఒక ప్రమాణంగా తీసుకున్నారు. ప్రణాళికలో ఊరివారికి ప్రధాన పాత్ర ఇచ్చారు. కాలక్రమాన ఈ సూత్రాలు మారినా, నేలను ముందు చూసి తరువాత పని మొదలుపెట్టాలన్న మాట మాత్రం మారలేదు.

పరీవాహక ప్రాంతపు స్థితిని తెలుసుకోవడం వైద్యుడు రోగిని పరీక్షించడం వంటిది. వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు. అట్లే నేల పరిస్థితి చూడకుండా కట్ట కట్టరాదు. ఒక వాగు అడుగున చెక్‌డ్యాం కట్టారనుకుందాం. ఆ వాగుకు ఎగువనున్న గుట్టలు బోడిగా ఉంటే ప్రతి వానకూ మట్టి కొట్టుకొని వచ్చి కట్ట వెనుక చేరుతుంది. కొన్ని వర్షాకాలాలు గడిచేసరికి నీరు నిలువవలసిన చోట మేట నిలుస్తుంది. కట్టిన సొమ్ము, పడిన శ్రమ వృథా అవుతాయి. తప్పు కట్టలో లేదు. గుట్టను చూడకుండా వాగును మాత్రమే చూడడంలో ఉన్నది. అందువల్లనే శిఖరం నుండి లోయకు రావాలి అనేది ఈ పనిలో మొదటి నియమం.

పరీక్షలో మొదటి మెట్టు ఎల్లలు గుర్తించడం. వాగు ఊరి పొలిమేర దాటే చోటు నుండి బయలుదేరి, ఇరువైపులా ఎత్తుగా ఉన్న నేలను పట్టుకొని నడిచిపోతే పరీవాహక ప్రాంతం చుట్టూ తిరిగి మళ్లీ ఆ చోటికే రావచ్చు. భారత సర్వేక్షణ శాఖ తయారుచేసిన పటాలలో సమాన ఎత్తుగల చోట్లను కలుపుతూ గీసిన రేఖలుంటాయి. రేఖలు దగ్గర దగ్గరగా ఉంటే వాలు ఎక్కువని, దూరంగా ఉంటే తక్కువని అర్థం. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు కూడా అందుబాటులో ఉన్నాయి. అయినా వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకొని గట్ల వెంట నడిచిన వారికి తెలిసే సంగతులు ఏ పటంలోనూ దొరకవు.

రెండవది వాలును కొలవడం. మూడు కర్రలను ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారంలో కట్టి, పై కొన నుండి దారంతో ఒక రాయిని వేలాడదీస్తే అదే కొలత పరికరం. దారం అడ్డకర్ర మీది గుర్తుకు సరిగా ఆనితే రెండు కాళ్లూ ఒకే ఎత్తున ఉన్నట్లు లెక్క. ఇలా సమానమైన ఎత్తుగల చోట్లకు గుర్తులు పెట్టుకుంటూ పోయి, ఆ గుర్తుల వెంట కందకాలు తవ్వుతారు. నూరు మీటర్ల దూరంలో నేల మూడు మీటర్లు దిగితే వాలు నూటికి మూడు పాళ్లు. వాలు పెరిగిన కొద్దీ నీటి వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన నీరు మట్టిని కోసుకొని పోతుంది.

మూడవది మట్టి, దాని కింది రాయి. నాందేడ్ జిల్లాలో ఎక్కువ భాగం దక్కన్ పీఠభూమి నల్లరాతి మీద ఉన్నది. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల కిందట భూమిలోపలి నుండి కరిగిన రాయి పొరలు పొరలుగా పొంగి, పరచుకొని, చల్లారి ఈ రాయి ఏర్పడింది. ఈ పొరలలో కొన్ని గట్టిగా, అతుకు లేకుండా ఉంటాయి. వాటిలోకి నీరు దిగదు. కొన్నింటిలో చిన్న చిన్న రంధ్రాలు, పగుళ్లు ఉంటాయి. బావులకు ఊట వచ్చేది వీటి నుండే. కనుక బావి గోడలను, వాగు ఒడ్డును జాగ్రత్తగా గమనిస్తే నేల కింద ఏమున్నదో తెలుస్తుంది. పగుళ్లున్న పొర పైకి తేలిన చోట ఊటకుంట తవ్వితే నీరు ఇంకుతుంది. గట్టి పొర ఉన్న చోట ఇంకదు గాని పశువులకు నీరు నిలువ ఉంటుంది. ఏది ఎక్కడ తవ్వాలో చెప్పేది రాయే.

పైనున్న నల్లరేగడికీ తన స్వభావం ఉన్నది. వేసవిలో అది చెయ్యి దూరేంత వెడల్పుగా నెర్రెలు విచ్చుతుంది. తొలకరి నీటిని ఆ నెర్రెలలో గటగట తాగుతుంది. బాగా తడిసిన తరువాత ఉబ్బి, నెర్రెలు మూసుకొని, నీటిని లోపలికి పోనివ్వదు. అందుచేత ఎర్రనేలలో చక్కగా పనిచేసే అడ్డుగట్లు లోతైన నల్లరేగడిలో కీడు చేయవచ్చు. నీరు గట్టు వెనుక నిలిచి పైరు కుళ్లుతుంది, గట్టూ తెగుతుంది. అటువంటి నేలలో మిగులు నీరు మెల్లగా జారిపోయేటట్లు కొంచెం వాలుగా గట్లు వేస్తారు. పక్క ఊరిలో మేలు చేసిన పని ఈ ఊరిలో కూడా మేలు చేస్తుందని అనుకోవడం ఇందుకే పొరపాటు.

నాలుగవది కోత గుర్తులను చూడడం. చెట్ల వేళ్లు బయటపడి ఉన్నవా? చేలలో వేలెడు లోతు కాలువలు ఏర్పడ్డాయా? అవి పెద్దవై గండ్లుగా మారాయా? వాన వెలిసిన తరువాత వాగు నీరు ఎంతసేపటికి తేటపడుతున్నది? ఇవన్నీ నేల చెప్పే గుర్తులు. అడవి ఎంత, మేతబీడు ఎంత, సాగు ఎంత, బోడినేల ఎంత అన్నది కూడా పటంలో గుర్తించాలి. టేకు, మోదుగ ఆకులు రాలి నేలను కప్పిన చోట చినుకు దెబ్బ మట్టికి తగలదు. బోడినేల మీద ప్రతి చినుకూ ఒక చిన్న సుత్తి దెబ్బే.

ఐదవది నీటి లెక్క. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఒక హెక్టారు మీద అయితే పది వేల లీటర్లు, అంటే పది ఘనపు మీటర్లు. 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే వచ్చే నీరు 50 లక్షల ఘనపు మీటర్లు. ఇది విన్న వారికి కరువు రావడం అసాధ్యమనిపిస్తుంది. కాని దానిలో భూమిలోకి దిగేది కొద్ది. భూగర్భజల అంచనా సంఘం 1997లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం నల్లరాతి నేలలో నూటికి సుమారు 6 నుండి 14 పాళ్లు మాత్రమే ఇంకుతాయి. మిగిలినది ఆవిరవుతుంది, మొక్కలు తాగుతాయి, వాగుల వెంట పోతుంది.

ఈ లెక్కను బావులు కూడా చెబుతాయి. మే నెలలో, మళ్లీ అక్టోబరు నెలలో తాడుకు బరువు కట్టి బావిలోకి దించి నీటిమట్టం కొలవాలి. ఈ నడుమ మట్టం సగటున ఐదు మీటర్లు పెరిగిందనుకుందాం. 500 హెక్టార్ల నేల కింద ఐదు మీటర్ల మందాన నీరు చేరినట్లు తోస్తుంది. కాని ఆ మందంలో అధిక భాగం రాయే. పగుళ్లలో నిలిచి, తోడితే వచ్చే నీరు నూటికి రెండు పాళ్ల వరకే ఉంటుంది. ఆ ప్రకారం వానాకాలం నిలువచేసిన నీరు 5 లక్షల ఘనపు మీటర్లు. కురిసిన దానిలో ఇది పదోవంతు.

ఈ 5 లక్షలతోనే ఊరు ఏడాది గడపాలి. మనుషులు తాగాలి, పశువులు తాగాలి, రబీ పంట పండాలి. చెరకుకు పంటకాలం మొత్తం మీద హెక్టారుకు ఇంచుమించు 20 వేల ఘనపు మీటర్ల నీరు కావాలి. అందులో సగం వాన ఇచ్చినా మిగిలిన 10 వేలు బావి ఇవ్వాలి. అంటే 500 హెక్టార్లలో 50 హెక్టార్లు చెరకు వేస్తే చాలు, తాగడానికి చుక్క మిగలదు. శనగ, జొన్న వంటి పంటలు ఇంతకంటే చాలా తక్కువ నీటితో పండుతాయి. కనుక కట్టలు ఎన్ని కట్టాలన్నది ఎంత ముఖ్యమో, పంట ఏది వేయాలన్నదీ అంతే ముఖ్యం. హివరే బజార్‌లో జరిగింది ఇదే. 1989లో పోపట్‌రావు పవార్ సర్పంచి అయిన తరువాత ఆ ఊరు గుట్టల మీద కందకాలు తవ్వింది, చెట్లు నాటింది. సేద్యానికి బోరుబావులు వేయరాదని, చెరకు వంటి పంటలు పెట్టరాదని కట్టుబాటు చేసుకున్నది. ఏటా వాననూ, బావులనూ కొలిచి, గ్రామసభలో లెక్క చెప్పుకొని, ఆ ఏటి పంటలు నిర్ణయించుకోవడం అక్కడ అలవాటయింది.

ఆరవది మనుషులను అడిగి తెలుసుకోవడం. ఇది చివర చెప్పినా చిన్న మెట్టు కాదు. గుట్ట మీద మొక్కలు నాటి మేత ఆపివేస్తే లోయలోని రైతు బావికి నీరు వస్తుంది. మరి భూమి లేక మేకలు మేపుకొని బతికే వారి సంగతి ఏమిటి? నీరు మోసే స్త్రీలకు ఏ బావి ఏ నెలలో ఎండుతుందో తెలుసు. పశులకాపరులకు ఏ బండ కింద వేసవిలో కూడా చెలమ ఊరుతుందో తెలుసు. వారిని అడగకుండా వేసిన ప్రణాళికలో వారి నష్టం లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని నష్టం తరువాత తగవుగా మారుతుంది. తమకు మేలు చేయని చెట్టును ఎవరూ కాపాడరు.

ఇలా పరీక్షించి పనిచేసిన ఊళ్లలో రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని కొత్తపల్లి ఒకటి. ఇది హైదరాబాదుకు సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఇక్కడి పరీవాహక ప్రాంతం 465 హెక్టార్లు; వాన సాలుకు సుమారు 800 మిల్లీమీటర్లు; నేల ఎక్కువగా నల్లరేగడి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జిల్లా అధికారులు, ఇతర సంస్థలు, ఊరివారు కలిసి 1999లో ఇక్కడ పని మొదలుపెట్టారు. అప్పటికి ఊళ్లో 60కి పైగా బావులున్నాయి గాని వాన నీటిని నిలిపే కట్టడాలు లేవు. ముందుగా మట్టి లోతు కొలిచారు. అది 30 నుండి 90 సెంటీమీటర్ల వరకు ఉన్నట్లు తేలింది. మట్టిని పరీక్షించగా బోరాన్, జింకు, గంధకం తక్కువగా ఉన్నాయని తెలిసింది. నీరు ఒక్కటే కొరత అనుకున్న చోట ఇంకో కొరత బయటపడింది. పరీక్షించకపోతే అది ఎవరికీ తెలిసేది కాదు.

వాననూ, పారిపోయే నీటినీ, కొట్టుకుపోయే మట్టినీ కొలిచే పరికరాలు అమర్చారు. పనులు చేసిన భాగంలోనూ, చేయని భాగంలోనూ వేరువేరుగా కొలిచారు. అప్పుడే పని వలన కలిగిన మేలు ఎంతో, మంచి వాన వలన కలిగిన మేలు ఎంతో విడదీసి చెప్పవచ్చు. నీరు నిలిపే కట్టడాలు 14 కట్టారు. గండ్లకు రాళ్లు పేర్చారు, ఇంకుడు గుంతలు తవ్వారు, ఎండిన బావులలోకి వాన నీటిని మళ్లించారు. చెక్‌డ్యాముల దగ్గరి బావులలో నీరు పెరిగింది. వాలును అనుసరించి సాళ్లు వేయడం, కొరతపడిన పోషకాలు చల్లడం, మంచి విత్తనాలు వాడడం వలన మొక్కజొన్న దిగుబడి తొలి ఏళ్లలోనే రెండింతలు దాటింది.

కొలతలు శాస్త్రజ్ఞులే తీయాలన్న నియమం లేదు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో 2010 వరకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో ఒక పథకం నడిచింది. దానిలో ఆరు వందలకు పైగా గ్రామాల రైతులు పాల్గొన్నారు. వారు రోజూ వానను, పదిహేను రోజులకొకసారి బావుల మట్టాన్ని స్వయంగా కొలిచి పుస్తకాలలో రాసుకున్నారు. రబీ విత్తనాలు వేసే ముందు అందరూ ఒక చోట కూడి, భూమిలో ఎంత నీరున్నది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క వేసేవారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క చూసిన తరువాత ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. బడికి ఎక్కువ కాలం వెళ్లని స్త్రీలు, పురుషులు కూడా ఈ కొలతలు నేర్చుకున్నారు.

ఈ పనిలో విద్యార్థులు చేయగలిగినది ఎంతో ఉన్నది. నిటారు గోడలున్న ఒక డబ్బా, ఒక కొలబద్ద ఉంటే వానను కొలవవచ్చు. ఒక తాడు, ఒక రాయి ఉంటే బావి మట్టాన్ని పెద్దల సమక్షంలో కొలవవచ్చు. తేదీ వేసి నోటు పుస్తకంలో రాయవచ్చు. ఒక్క ఏటి కొలత ఒక అంకె మాత్రమే. ఐదేళ్ల కొలతలు ఒక చోట చేరితే ఊరి నీటి చరిత్ర అవుతుంది. గ్రామసభలో కట్ట ఎక్కడ కట్టాలి, బావి ఎక్కడ తవ్వాలి అని వాదన వచ్చినప్పుడు ఆ పుస్తకం పనికివస్తుంది. పెద్ద గొంతు గలవాని మాట కాక, కొలిచి రాసిన మాట అక్కడ చెల్లుతుంది.

సహస్రకుండ్ దగ్గర దూకే నీటిని ఎవరూ పట్టి ఆపలేరు, ఆపనవసరమూ లేదు. దిగువన దాని కోసం ఎదురుచూసే ఊళ్లెన్నో ఉన్నాయి. ఊరివారు చేయవలసింది, నదిని చేరకముందే గుట్టల మీద, గట్ల వెంట, చేలలో నీటిని కొంతసేపు నిలిపి నేలకు తాగించడం. ఎక్కడ నిలపాలో, ఎంత నిలపాలో నేలనే అడగాలి. కొలిచిన వారికి అది జవాబు చెబుతుంది.